సాగిన టేపు

ఫిబ్రవరి 3

సూదిలోకి దారం ఎక్కలేదు. మిషన్ ముందు కూర్చున్న ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. దారం కొన తడిపాను, కత్తిరించాను, మళ్ళీ తడిపాను. అది పక్కనుంచే పోయింది. ఇస్త్రీ బాబాయ్ నవ్వాడు. నా కొట్లోనే ఒక మూల బల్ల వేసుకుని, నేను కుట్టిన బట్టలన్నీ ఇస్త్రీ చేసి పెడతాడు. ఆ చనువుతో "వయసు తల్లీ" అన్నాడు. ఆయన అనచ్చు. ఇంకెవరైనా అంటే కత్తెర విసిరేదాన్ని.

రోడ్డుకు అవతల కొత్తగా కళ్ళజోళ్ళ కొట్టు పెట్టారు. మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. కొట్టు పెట్టినాయన భార్య పోయాక ఉన్న ఊరు వదిలేసి ఇక్కడికి వచ్చారని, ఒక్కరే ఉంటారని వీధిలో అనుకుంటుంటే విన్నాను. నేను చూసి తెలుసుకున్నవి వేరు: భుజాలు సమానం, చొక్కాలు రెడీమేడ్, కఫ్‌లు ఒక అంగుళం పొడుగు, బెల్టు పెట్టుకోరు, ప్యాంటు నడుముకు సరిగ్గా ఉండాలి. రోడ్డుకు ఇవతలనుంచే కొలతలు చెప్పగల కన్ను నాది. దానికి ఒక్క సూది బెజ్జమే కనిపించడం లేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి, కంటికీ కంటికీ మధ్య దూరం కొలిచారు. "కదలకండి" అన్నారు. ఆ మాట నేను రోజూ వచ్చినవాళ్ళందరితో అంటాను. నాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. నేను కదల్లేదు.

ఫిబ్రవరి 6

కళ్ళజోడు ఇచ్చారు. దారం మొదటిసారే ఎక్కింది. ఊరికే థాంక్స్ చెప్పి వచ్చేస్తే ఏం బాగుంటుందని, ఆ కఫ్‌లు రెండూ సరిచేస్తానన్నాను. అందుకు ఆయన నా కొట్టుకు వచ్చి తెర వెనక చొక్కా విప్పాల్సి వచ్చింది. బాబాయ్ ఇస్త్రీపెట్టె మీదికి వంగి దగ్గాడు. బాబాయ్‌కి దగ్గు లేదని నాకు తెలుసు.

ఇకనుంచి ఆయన బట్టలన్నీ ఇస్త్రీకి మా దగ్గరికే వస్తాయి.

ఫిబ్రవరి 7

ఎదురు కొట్టు షట్టర్ దించేదాకా నేనూ తెరిచే ఉంచాను. పనుంది మరి.

ఫిబ్రవరి 20

అక్క ఫోన్ చేస్తే ఆయన సంగతి చెప్పాను. ఈ వయసులో నీకిదేం పిచ్చే అంటుందనుకున్నాను. ఆయనకు వంట వచ్చా అని అడిగింది. వంట సంగతి తెలీదు గానీ పాలు కాచడం వచ్చని చెప్పాను. రోజూ నాలుగింటికి ఫ్లాస్కులో వేడి పాలు తెస్తారు, రెండు స్టీలు గ్లాసులతో. అంచు కింద గీతలున్నది నాది, నున్నగా ఉన్నది ఆయనది. నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని, నా గ్లాసులో బలానికేదో పొడి కలుపుతారు.

నాకు రక్తం తక్కువట! నేనెక్కితే మెట్లు మూలుగుతాయి. అయినా తాగుతాను. ఇన్నేళ్ళలో నాకోసమని గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

మార్చి 1

భార్య గౌను ఒకటి తెచ్చారు. నీలంది, మెడ దగ్గర తెల్ల పట్టీ. పెట్టెలో మగ్గిపోతుంటే ప్రాణం ఉసూరుమంటోందని, నేను తొడుక్కుంటే సంతోషిస్తానని అన్నారు. బాబాయ్ మొహం మాడ్చుకున్నాడు. నాకలాంటి పట్టింపులు లేవు, గుడ్డ గుడ్డే. కుట్టు విప్పకుండా, ఒక్క గుండీ జరపకుండా అతికినట్టు సరిపోయింది. నా సైజు బజార్లో దొరకదు, నాకు నేను కుట్టుకోవాల్సిందే. అంటే ఆవిడా నాలాగే నిండుగా ఉండేదన్నమాట. గుండె ఆగి పోయిందన్నారు. అంతకన్నా అడగలేదు.

అద్దంలో నా వెనక నిలబడి చూశారు. నాకు ఆయన కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆయన్ని ప్రేమిస్తున్నాను. ఇదిగో రాసేశాను, కొట్టెయ్యను.

మార్చి 11

కొట్టు మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగాయి. కొత్త కళ్ళజోడు అలవాటయ్యేదాకా అలాగే ఉంటుందన్నారు. ఆయన పని ఆయనకు తెలియదా!

మార్చి 12

మధ్యాహ్నం క్యారియర్ తెరవలేదు. ఆకలి లేదు.

మార్చి 13

ఈరోజూ అంతే. లేటు వయసులో ప్రేమిస్తే ఆకలి చచ్చిపోతుంది కాబోలు. బాగానే ఉంది, గిన్నెలు తోమే పని తప్పింది.

మార్చి 28

రెండో గౌను తెచ్చారు, గోధుమరంగుది. ఇదీ అతికినట్టు సరిపోయింది. నీలం గౌను మాత్రం ఈమధ్య భుజాల మీంచి జారుతోంది. ఉతికే కొద్దీ సాగే గుడ్డలు కొన్ని ఉంటాయి.

సాయంత్రం ఇద్దరం రోడ్డు దాటుతుంటే నా మోచేయి పట్టుకున్నారు. మెల్లగా, మెల్లగా అన్నారు. నేను లారీకి అడ్డంగా చెయ్యి చాపి ఆపి మరీ దాటే రకం. ఇంకెవరైనా అలా పట్టుకుంటే విదిలించి పారేసేదాన్ని. కానీ ఆయన మొహం ఎంత వెలిగిపోయిందంటే, చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అవతలి గట్టు చేరాక కూడా వదల్లేదు ఇద్దరం.

ఏప్రిల్ 8

నాకొక స్కర్టు కుట్టుకుందామని నడుము కొలుచుకున్నాను. రెండంగుళాలు తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే.

టేపు సాగింది. గుడ్డ టేపు ఏళ్ళ తరబడి మెడలో వేలాడి, చెమటకు నాని, లాగగా లాగగా సాగుతుంది. అంకెల మధ్య ఎడం పెరిగి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. పని నేర్పిన మాస్టారు మొదటి రోజే చెప్పారు, కొలత తేడా వస్తే ముందు టేపును అనుమానించమని. గుడ్డ కత్తిరించేది బల్ల మీది గజంబద్ద పెట్టి కాబట్టి అక్కడ తేడా రాదు. మనుషుల్ని కొలిచేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. నా అంత నడుము ఎవరికీ ఉండదు గనక, ఇకనుంచి ఎవరిని కొలిచినా ఒక అంగుళం కలిపి రాసుకుంటాను.

కొత్త టేపు కొనాలి.

ఏప్రిల్ 15

కొత్త టేపు కొనాలి.

ఏప్రిల్ 23

బడి టీచరమ్మ కోటు వెనక్కి తెచ్చింది, వదులుగా ఉందట. మొన్న ఆస్పత్రి నర్సమ్మ, నిన్న మూడో ఇంటి పిన్ని కూడా ఇదే పాట. నా చేతి కుట్టుకు వంక పెట్టినవాళ్ళు ఈ వీధిలో లేరు, ఒక్కసారిగా ఇందరు లేచారు. వీధి వీధంతా చిక్కిపోతున్నట్టుంది, నీళ్ళలో ఏదైనా కలుస్తోందేమో అని నవ్వాను. ముగ్గురివీ బిగించి ఇచ్చాను. బాబాయ్ నవ్వలేదు.

ఏప్రిల్ 30

అక్క వీడియో కాల్ చేసింది. నా మొహం చూసి, నీ ఫోన్ కెమెరా పాడైనట్టుందే అంది. అవునన్నాను.

ఈ బాబాయ్ ఒకడు. ఇస్త్రీ ఆపి, "అద్దంలో చూసుకున్నావా తల్లీ?" అన్నాడు. పొద్దస్తమానం అద్దం ముందే కదా చస్తున్నాను అన్నాను.

"అద్దం ముందుంటావు. చూసేది కుట్టించుకునేవాళ్ళని" అన్నాడు.

కొట్టు కట్టేసేదాకా బాబాయ్‌కి వీపు పెట్టి మిషన్ తొక్కాను.

మే 5

పెళ్ళి చేసుకుందాం అన్నారు. ఇద్దరు సాక్షులు, ఒక సంతకం, అంతే. నెలాఖరుకి. ఎగిరి గంతేద్దామనుకున్నాను గానీ మోకాళ్ళలో బలం లేదు. సంతోషానికే అయ్యుంటుంది.

కొట్టు మూసెయ్యమన్నారు. "నీకెందుకీ శ్రమ, నేను చూసుకుంటాగా" అన్నారు. నేను కొట్టు మూయడమేమిటని పగలబడి నవ్వాను. మధ్యాహ్నం పెడలు తొక్కుతుంటే కాళ్ళు వణికి, బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను. లేచేసరికి నాలుగైంది, ఎదురుగా ఆయన, గ్లాసు. అప్పుడనిపించింది, నిజమే, ఎందుకీ శ్రమ? సరేనన్నాను. రేపో ఎల్లుండో కొట్టు ఇంటాయనకు చెప్పాలి.

పెళ్ళికి మూడో గౌను వేసుకోమని తెచ్చారు. ఆకుపచ్చది, మంచి నాణ్యమైన గుడ్డ. విప్పొద్దు, తిరగెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టే వేసుకోవాలి అన్నారు. లోపలి వైపు చూడాలని చెయ్యి దురద పెట్టింది. చనిపోయినావిడ గౌను లోపల వెతకడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఇది కొంచెం బిగుతుగా ఉంది. "పెళ్ళి నాటికి సరిపోతుంది" అన్నారు. నా మీద ఎంత నమ్మకమో.

ఆయన పెళ్ళి సూటు మాత్రం నేనే కుట్టాలి. కొలతలు తీసుకుంటూ, కదలకండి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మే 9

ఇది రాయడం కష్టంగానే ఉంది. రాయకపోతే రేపు పొద్దున్నకి నేనే దీన్ని మార్చి చెప్పుకుంటాను.

నీలం గౌను వేసుకుని, పిన్నులు పెట్టి బిగించి, బజారుకు వెళ్ళాను. ఒకామె నా వెనకాలే కొట్టుదాకా వచ్చింది. నాకంటే ఐదారేళ్ళు చిన్నది, భుజాలు విశాలంగా, గట్టిగా ఉంది. కుర్చీలో కూర్చోకుండానే "ఈ గౌను మీకెక్కడిది?" అంది. నాకు కాబోయే ఆయన ఇచ్చారన్నాను. ఆ గౌను ఆమే వాళ్ళక్కకు కుట్టించిందట, ఒకే తానులోంచి ఇద్దరికీ చెరొకటి. అంటే ఈమె ఆయన మరదలు. బావ ఎక్కడికి వెళ్ళాడో చెప్పకుండా వెళ్ళిపోతే, వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతోంది.

వాళ్ళక్క వాలీబాల్ ఆడేదట. బంతి కొడితే నెట్ అవతలివాళ్ళు పక్కకు తప్పుకునేవారట. ఈమె ఉద్యోగం వేరే ఊళ్ళో, ఏడాదికోసారి వచ్చేది. ఒక ఏడు వచ్చేసరికి అక్క సన్నబడింది. మరుసటి ఏడు బావ చేయి పట్టుకుంటే తప్ప నడవడం లేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే, బావ ఉన్నాడుగా, రోజూ బలానికి పాలిస్తున్నాడు అందట. ఆ తర్వాత వచ్చింది అక్క పోయాకనే.

"మా బావంత ప్రేమగా చూసుకునే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదండి. మా అక్క ఎంత నీరసపడితే అంత మురిసిపోయేవాడు. ఎవరికి చెప్తే నమ్ముతారు?" అంది.

నేను నమ్మలేదు. నోరు మూసుకొని బయటికి నడవమన్నాను కూడా. ఆమె వెళ్ళలేదు. ఆకుపచ్చది కూడా ఇచ్చాడా అని అడిగింది.

తీసుకొచ్చి తిరగేశాను. పక్కకుట్ల వెంట లోపలికి పట్టిన కుట్లు వరసలు వరసలుగా ఉన్నాయి, అన్నీ చేతికుట్లే. మొదటి వరస నేను కుట్టినంత తిన్నగా ఉంది. దాని లోపల రెండోది, కాస్త వంకర. మూడోది ఎక్కడంటే అక్కడికి పోయింది. ఆఖరిదానికి దారం ముడి కూడా పడలేదు, వేళ్ళు వణికి వదిలేసినట్టుంది. ఆవిడ తన గౌను తనే బిగించుకుంటూ పోయింది. ప్రతిసారీ, ఇదే ఆఖరుసారి అనుకుని ఉంటుంది.

ఆయన నాకు గౌన్లు ఇచ్చింది ఆ వరసలోనే. పెద్దది ముందు, చిన్నది చివర. పెళ్ళి నాటికి సరిపోతుంది అన్నారు.

అయినా నేనేం చేశానో రాయాలి. "నా టేపు సాగిందండి, అందుకే..." అని ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. బాబాయ్ వచ్చి, నా మెడలోంచి టేపు తీసి, గజంబద్ద మీద పరిచాడు. అంకె మీద అంకె కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేదు.

గజంబద్ద ఇన్ని రోజులూ నా చేతికిందే ఉంది. రోజూ దాంతోనే గుడ్డ కత్తిరించాను. టేపు తీసి దాని మీద పెట్టడానికి ఎంతసేపు?

మే 10

నాలుగింటికి పాలు వచ్చాయి. గిరాకీ ఉంది, చల్లారాక తాగుతానన్నాను. అలాగే అని నా నుదుటి మీద చెయ్యి వేసి వెళ్ళారు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో! పాలు సీసాలో పోసి ఆ చెల్లెలికి ఇచ్చాను. ఆమె ఉద్యోగం పరీక్షలు చేసే లాబ్‌లోనే, అక్కడికి పంపిస్తుంది. కొన్నాళ్ళు పడుతుందంది.

మే 11

పొడి అమ్మినవాడి మోసం అయ్యుండచ్చు. ఆయనకు తెలియకపోవచ్చు. పాలవాడు కూడా అయ్యుండచ్చు.

మే 12

నిన్న రాసింది చదువుకున్నాను. మళ్ళీ టేపునే అనుమానిస్తున్నాను.

లాబ్ వాళ్ళు పాలల్లో ఏముందో చెప్తారు. ఎవరు కలిపారో, ఏమనుకుని కలిపారో చెప్పరు. ఆ ఖాళీలో నా మనసు దూరి, ఆయన్ని గట్టెక్కించడానికి ఏదో ఒక కథ అల్లుతుంది. నా సంగతి నాకు తెలిసింది ఇప్పుడు. అందుకని మాట ఆయన నోటినుంచే రావాలి, నా చెవులతో నేను వినాలి. అప్పటిదాకా కొట్టు కదిలేది లేదు, నేను కదిలేది లేదు.

ఆ చెల్లెల్ని కొట్టు వెనకగదిలో, నా పక్కమీదే పడుకోమన్నాను. పొద్దున్న ఆమె వండింది, ముగ్గురం తిన్నాం. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయింది. ఐదోది బలవంతంగా మింగాను. అదీ నా పనే ఇప్పుడు.

మే 13

బాబాయ్‌కి చెప్పాను ఏం చేయదల్చుకున్నానో. చేతిలో ఉన్న చొక్కా ఇస్త్రీ ముగించాడు. తర్వాత నా టేపు అడిగి తీసుకున్నాడు. నీళ్ళలో నానబెట్టి, ఒక కొస మేకుకు కట్టి, రెండో కొసకు తన పాత ఇనప ఇస్త్రీపెట్టె వేలాడదీశాడు.

ఇప్పుడు నిజంగానే సాగుతోంది.

మే 16

మొదటి ట్రయల్. ప్యాంటు నడుము దగ్గర కావాలనే ఒక వేలు ఎక్కువ వదిలాను. తొడుక్కుని, వదులుగా ఉందేమిటి అన్నాడు. మళ్ళీ కొలుద్దాం, కదలకండి అన్నాను. సాగిన టేపుతో కొలిచి అంకె చూపించాను. అంకెలు నమ్మే మనిషి. నీ టేపు తప్పేమో అన్నాడు.

"ఇదివరకు నేనూ అలాగే అనుకున్నానండి" అన్నాను.

ఇస్త్రీకి వచ్చిన పాత ప్యాంట్లు, చొక్కాలు కూడా ఒక్కొక్కటీ కాస్త వదులై వెళ్తున్నాయి. కుట్టు విప్పింది ఎవరికీ తెలియకుండా కుట్టడం నా చేతికి వెన్నతో పెట్టిన విద్య.

మే 18

ఇకమీద పాలు నేనే పోస్తానన్నాను, పెళ్ళయ్యాక ఎలాగూ నేనే కదా అని. గీతల గ్లాసులో అతను పొడి వేశాడు. నేను రెండూ పట్టుకుని, అతనికి వీపు పెట్టి, వేడిగా ఉన్నాయంటూ పాలు తిరగబోశాను. గ్లాసుల చప్పుడు అతనికి వినపడేలాగే పోశాను. నా పాలు నా గ్లాసులోంచి ఒక ఖాళీ గ్లాసులోకి, మళ్ళీ నా గ్లాసులోకి. అతని పాలల్లోకి ఒక్క రవ్వ పొడి పోలేదు. అలాంటి పని నా చేత్తో నేను చెయ్యను.

నున్నటి గ్లాసు అందుకుని, అందులోకి చాలాసేపు చూశాడు. నావి రోజూలాగే చల్లారాక తాగుతానని చెప్పి, అతను వెళ్ళాక పారబోశాను.

మే 20

ప్యాంటు గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్రపోయినట్టు లేదు. రెండు వారాల కింద ఈ మొహం చూస్తే నా ప్రాణం గిలగిల్లాడిపోయేది. ఇవాళ కూడా కొంచెం గిలగిల్లాడింది. పాలు తాగలేదు. ఎందుకంటే, ఆకలి లేదన్నాడు.

మే 22

రెండో ట్రయల్. చెల్లెలు వెనకగది తలుపు చాటున ఉంది. బాబాయ్ ఇస్త్రీ చేస్తున్నాడు.

ప్యాంటు తొడుక్కుని అద్దం ముందుకొచ్చాడు. నడుము దగ్గర నా పిడికిలి మొత్తం పట్టేంత వదిలాను ఈసారి. టేపు చుట్టి అంకె చూపించాను. అద్దంలో అతని వెనక నిలబడింది ఇప్పుడు నేను. మీకు రక్తం తక్కువైనట్టుందండి, ఇవాళైనా పాలు తాగండి, అని నున్నటి గ్లాసు చేతికిచ్చాను.

గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

ఏమిటండీ అన్నాను.

"గ్లాసులు. ఎప్పట్నుంచి మారుస్తున్నావు?"

"మారితే ఏమైందండి? బలం పొడేగా. మీకూ బలమే వచ్చేది."

గ్లాసు వైపు చూశాడు, టేపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను మారిస్తే అతను ఎందుకు భయపడాలో అతనికే అర్థమవడం నేను కళ్ళారా చూశాను. నా మనసు అల్లడానికి ఇక కథలేమీ మిగల్లేదు. ఏడుపు వచ్చింది గానీ, ఏడవలేదు.

బాబాయ్ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. వెనకగది తలుపు తీసుకుని చెల్లెలు వచ్చింది. "మా అక్కకిచ్చింది కూడా బలానికేనా బావా?" అంది.

అతను నా వైపు తిరిగాడు. నాతోనే మాట్లాడాడు, ఎంతో మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు. "నేను నీకేం తక్కువ చేశాను? చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆవిడ నా చెయ్యి వదిలి ఒక్క అడుగు వేసేది కాదు. అంతకన్నా ఏం కావాలి మీకు?"

ప్రేమగానే అన్నాడు. అదే భయం. అతని దృష్టిలో అది ప్రేమే.

"నేను లారీలు ఆపి రోడ్డు దాటేదాన్నండి" అన్నాను.

జారిపోతున్న ప్యాంటు రెండు చేతులా పట్టుకుని రోడ్డు దాటాడు. ఇంకెవరి మోచేయీ పట్టుకోవడానికి అతనికి చెయ్యి ఖాళీగా లేదు. షట్టర్ దించుకున్నాడు. చెల్లెలు అప్పటికే ఫోన్‌లో పోలీసులతో మాట్లాడుతోంది.

మే 27

లాబ్ కాగితం వచ్చింది. ఆకలి చంపే మందు, మత్తుమందు, రెండూ కలిపి ఉన్నాయి. అతన్ని పట్టుకెళ్ళిన పోలీసులకు అతని ఇంట్లో డబ్బాడు దొరికాయట. కాగితం మడిచి చెల్లెలికి ఇచ్చేశాను. నాకు దాంతో పని లేదు, నేను ముందే విన్నాను.

మే 28

అక్క బండెక్కి వచ్చేసింది. నన్ను చూసి కెమెరా పాడవలేదన్నమాట అంది. ఆ తర్వాత కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే వంట మొదలుపెట్టింది.

జూన్ 4

టీచరమ్మనూ, నర్సమ్మనూ, మూడో ఇంటి పిన్నినీ పిలిచి మళ్ళీ కొలిచాను. ఎవరూ చిక్కలేదు. ముగ్గురికీ ఆ ఒక్క అంగుళం గురించి చెప్పాను. పిన్ని నా బుగ్గ పట్టుకుని చూసి, ఇంకా నయం అంది.

కొత్త టేపు కొన్నాను.

జూన్ 30

చెల్లెలు రేపు వెళ్ళిపోతోంది, కోర్టు పిలిచినప్పుడు మళ్ళీ వస్తుంది. ఆకుపచ్చ గౌను పోలీసులు చూసి తిరిగి ఇచ్చేశారు. పారేయనా అని అడిగింది. నాకివ్వమన్నాను.

పొద్దంతా దాని ముందే కూర్చున్నాను. ఆఖరి వరస ముందు విప్పాను, ముడి లేదు కాబట్టి లాగితే వచ్చేసింది. తర్వాత దాని ముందుది, ఆ ముందుది. ఒక్కో వరస ఊడుతుంటే గౌను వెడల్పవుతూ వచ్చింది. చివరికి ఆవిడ తిన్నగా కుట్టిన మొదటి వరస మిగిలింది. అంత చక్కటి కుట్టు విప్పడానికి నా చేతులు రాలేదు, కాసేపు ఆగి విప్పాను. బెజ్జాలు మాత్రం మిగిలిపోయాయి. ఆవిరి పట్టిస్తే మూసుకుంటాయి తల్లీ అన్నాడు బాబాయ్. వద్దు, ఉండనీ అన్నాను.

చెల్లెలు తొడుక్కుని అద్దం ముందుకొచ్చింది. వాలీబాల్ ఆడిన అక్క లాంటి భుజాలు, నిండైన నడుము, అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ఆమె తన చేతులతో తన నడుము పట్టుకుని, మా అక్క ఇంత ఉండేది అంది. నేను పక్కన నిలబడ్డాను. ఈసారి అద్దంలో ఇద్దరినీ చూశాను. నేనింకా రెండు అంగుళాలు రావాలి. వస్తాను.

అప్పుడే నాలుగైంది. గుమ్మం వైపు చూశాను. ఎందుకు చూశానో నాకు తెలుసు. ఇంకా కొన్నాళ్ళు చూస్తాను కాబోలు. తర్వాత కత్తెర పక్కన పెట్టి, క్యారియర్ తెరిచి, చెల్లెల్నీ బాబాయ్‌నీ తినడానికి పిలిచాను.